మందారంలో కొత్త రకం: జంట ఎంపిక నుంచి పేరు పెట్టేదాకా

మందారం గింజ నాటితే తల్లిలాంటి మొక్క రాదు. ఒక్క కాయలోని పది గింజలు మొలిస్తే పదీ పది రకాలుగా పూస్తాయి. మొక్కలు పెంచి అమ్మేవాళ్లు అందుకే గింజల జోలికి పోకుండా కొమ్మలతో, అంట్లతో పని కానిస్తారు. కొత్త రకం కావాలనుకునేవాళ్లకు మాత్రం ఆ తేడాయే పెట్టుబడి. పుప్పొడి అద్దడం అర నిమిషం పని. అసలు కష్టమంతా దానికి ముందూ వెనకా ఉంటుంది: ఏ రెండింటిని కలపాలో తేల్చుకోవడం, పుట్టిన పిల్లల్లో వేటిని పీకి పారేయాలో తేల్చుకోవడం.

ఇక్కడ చెప్పేది ఏడాది పొడుగునా ఆకులుండే ఉష్ణమండల మందారం, అంటే హైబిస్కస్ రోజా-సైనెన్సిస్, దాని సంకరాల గురించి. చలిదేశాల తోటల్లో పెరిగే సిరియాకస్, చిత్తడి నేలల్లో పళ్లెమంత పూలు పూసే మాస్క్యూటోస్ వేరే జాతులు. వాటితో దీన్ని కలపబోతే మామూలుగా కాయ నిలవదు. దీని దగ్గరి చుట్టాలు హవాయి, మారిషస్, తూర్పు ఆఫ్రికా వైపు ఉన్నాయి. హవాయికి చెందిన ఆర్నాటియానస్ తెల్లగా, సువాసనతో పూస్తుంది. తూర్పు ఆఫ్రికా స్కైజోపెటాలస్ పువ్వు చీలికలు చీలికలైన రెక్కలతో కిందికి వేలాడుతుంది. నేటి పెద్ద పూల రకాల్లో ఇలాంటి అడవి జాతుల రక్తం చాలానే కలిసి ఉంది.

ఏ రెండింటిని కలపాలి

ముందు ఒక్క లక్ష్యం రాసుకోండి. "అందమైన పువ్వు" అన్నది లక్ష్యం కాదు. "నారింజ రంగు, పొట్టి పొద, పువ్వు రెండు రోజులు నిలవాలి" అన్నది లక్ష్యం. తర్వాత రెండు మొక్కల తప్పులు పక్కపక్కన పెట్టి చూడండి. రంగు అద్భుతంగా ఉండి పొద బలహీనంగా ఉన్నదానికి, రంగు మామూలుదే అయినా కొమ్మలు బాగా వేసి విరగబూసేదాన్ని జత చేయాలి. రెండూ మొగ్గలు రాల్చేవే అయితే రంగులెంత బాగున్నా ఆ జంట వద్దు. పిల్లలకు ఆ జబ్బు రెండు వైపుల నుంచీ వస్తుంది.

రంగుల విషయంలో ఒక సంగతి తెలిసి ఉండాలి. పసుపు, నారింజ ప్రధానంగా కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల వల్ల వస్తాయి. ఎరుపు, గులాబీ, ఊదా ఆంథోసయనిన్లు అనే మరో రకం రంగు పదార్థాల వల్ల. రెండూ ఒకే రెక్కలో చేరితే ఇటుక, గోధుమ ఛాయలు పుడతాయి. అందుకే ఎరుపును పసుపుతో కలిపి శుభ్రమైన నారింజ వస్తుందని ఎదురుచూసేవాళ్లకు తరచూ మట్టి రంగే దక్కుతుంది. ముద్ద మందారాన్ని రెక్క మందారంతో కలిపితే పిల్లల్లో రెక్క పూలు, అరముద్ద పూలు బోలెడు వస్తాయి. అది వైఫల్యం కాదు, అలాగే జరుగుతుంది.

మందారంలో క్రోమోజోములు రెండు సెట్లు కాదు, అంతకంటే చాలా ఎక్కువ. పైగా రకానికీ రకానికీ సంఖ్య మారుతుంది. దీని ప్రభావం మీ కుండీల లెక్క మీద పడుతుంది. రెండు సెట్ల మొక్కలో అణగి ఉన్న లక్షణం, ఆత్మపరాగం చేస్తే, అంటే దాని పుప్పొడినే దానికి అద్దితే, పిల్లల్లో నాలుగింట ఒకదానిలో బయటపడుతుంది. నాలుగు సెట్లుండి, వాటిలో రెండింటిలో ఆ లక్షణం దాగి ఉంటే 36లో ఒకటి. మందారంలో లెక్క ఇంకా కఠినం. కాబట్టి ఇరవై జంటలు కట్టి తలా ఒక కాయ తీసుకోవడం కన్నా, మూడు జంటలు కట్టి ఒక్కోదాని నుంచి ఎక్కువ కాయలు తీసుకోవడం మేలు. కావలసిన లక్షణం మొదటి తరంలో కనిపించకపోతే అన్నదమ్ముల్లాంటి పిల్లలను తమలో తాము కలపండి, లేదా మంచి పిల్లను ఆ లక్షణమున్న పెద్ద మొక్కతో మళ్లీ కలపండి.

ఎవరు తల్లి, ఎవరు తండ్రి? కొన్ని రకాలు కాయ కట్టవు కానీ పుప్పొడి బాగా ఇస్తాయి. తోటల్లో పాతకాలం నుంచీ ఉన్న ఎర్ర రెక్క మందారం అరుదుగా తప్ప కాయ కట్టదు. నిండు ముద్ద పూలలో కేసరాలు రెక్కలుగా మారిపోయి ఉంటాయి. రెక్కల మధ్య వెతికితే నాలుగైదు పరాగకోశాలు, అంటే పుప్పొడి సంచులు, దొరకవచ్చు, ఆ పుప్పొడిని వేరే తల్లికి వాడుకోవచ్చు. ఉదయం తొమ్మిదింటికి పువ్వును వేలితో తాకి చూడండి. పసుపు రవ్వలు అంటితే తండ్రిగా పనికొస్తుంది. పరాగకోశాలు గట్టిగా, మూసుకునే ఉండిపోతే దాన్ని పక్కన పెట్టండి. వీలైన చోట జంటను రెండు వైపులా ప్రయత్నించండి. ఒక వైపు పట్టనిది రెండో వైపు పట్టడం మామూలే.

పుప్పొడి అద్దడం

పువ్వు మధ్య నుంచి పొడుచుకొచ్చే కాడను దగ్గరగా చూడండి. అది నిజానికి గొట్టం, కేసరాలన్నీ దాని మీదే అతుక్కుని ఉంటాయి. దాని కొసన ఐదు చిన్న గుండ్రటి దిండ్లుంటాయి, అవే పుప్పొడిని అందుకునే కీలాగ్రాలు. గొట్టం లోపలి నుంచి కిందికి దిగితే అండాశయం, అందులో ఐదు గదులు. దిండ్ల మీది సన్నటి నూగు పొడిగా, మెరుపు లేకుండా కనిపిస్తే ఇంకా సమయం కాలేదు. తడిగా, ముఖమల్‌లా మెరిస్తే సిద్ధమైనట్టు.

రేపు విచ్చుకునే మొగ్గ ముందు రోజు సాయంత్రానికే తెలిసిపోతుంది: రెక్కల రంగు పూర్తిగా బయటపడి, మెలి తిరిగిన కొస కాస్త వదులవుతుంది. సొంత పుప్పొడి పడకూడదనుకుంటే అప్పుడే చిన్న కత్తెరతో రెక్కలను మూడొంతులు కత్తిరించి, గొట్టం మీది పరాగకోశాలన్నీ సన్నటి చిమ్మటాతో తీసేయండి. గొట్టం గీసుకుపోకూడదు. ఆ కొసకు ఒక వైపు మూసిన స్ట్రా ముక్క తొడిగితే చీమలు, తేనెటీగలు, పిట్టలు వేరే పుప్పొడి తెచ్చిపెట్టవు. చాలామంది ఈ శ్రమ పడరు, తెల్లవారగానే ముందు అద్దేస్తారు. కాయ కట్టడమే చాలనుకుంటే అదీ సరే. తండ్రి ఎవరో ఖాయంగా తెలియాలంటే మాత్రం సాయంత్రం పని తప్పదు.

మర్నాడు మంచు ఆరాక, ఎండ ముదరకముందు, సుమారుగా ఏడు నుంచి పది లోపు:

1. తండ్రి పువ్వును కోసి రెక్కలను వెనక్కి మడవండి, లేదా తుంచేయండి.
2. దాని పరాగకోశాలను తల్లి పువ్వు దిండ్ల మీద మెల్లగా రుద్దండి. మందారం పుప్పొడి రేణువులు పెద్దవి, ముళ్లతో ఉంటాయి, కంటికే కనిపిస్తాయి. ఐదు దిండ్లూ పసుపు రవ్వలతో నిండాలి. రెండింటికి అద్ది వదిలేస్తే గింజలు తగ్గుతాయి.
3. రెండు మూడు గంటలాగి మరోసారి అద్దండి.
4. తొడిమకు వదులుగా చీటీ కట్టండి. తల్లి పేరు ముందు, × గుర్తు, తండ్రి పేరు, తేదీ. పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా రెండు వానలకు కొట్టుకుపోతుంది.

తండ్రి ఒక రోజు ముందే పూస్తే ఆ పువ్వును మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వాడుకోవచ్చు. డబ్బాలో నీటి చుక్కలుండకూడదు. నీరు తగిలితే పుప్పొడి రేణువులు పగిలిపోతాయి. వాన పడే రోజు అద్దడం వృథా అనేదీ ఇందుకే.

కాయ నిలిచిందా, రాలిందా

తొడిమ మీద పువ్వుకు కాస్త కింద చిన్న కణుపులాంటి కీలు ఉంటుంది. గర్భం పట్టని పువ్వు అక్కడే పసుపెక్కి, వారం పది రోజుల్లో చీటీతో సహా రాలిపోతుంది. పట్టినదానికి వాడిన రెక్కలు ఊడిపడ్డాక పచ్చటి రక్షకపత్రాల మధ్య అండాశయం ఉబ్బడం మొదలవుతుంది.

మొదటి వారంలోనే రాలిపోతే పుప్పొడి పనిచేయలేదన్నమాట. తండ్రి గొడ్డుదై ఉండొచ్చు, జంట పొసగకపోయి ఉండొచ్చు, వేడి మించి ఉండొచ్చు. పగలు 35 డిగ్రీలు దాటితే కాయ కట్టడం బాగా పడిపోతుంది, రాత్రిళ్లు 15 కంటే తగ్గినా అంతే. కాబట్టి ఒకసారి రాలిందని జంటను కొట్టేయకండి. చల్లబడ్డాక ఇంకో పది పూలకు అద్ది చూసి అప్పుడు తేల్చండి. మూడు నాలుగు వారాలు పెరిగిన కాయ రాలితే కారణం వేరు. కుండీ ఒక్కసారి బాగా ఎండిపోవడం, లేదా లోపలి పిండాలు చచ్చిపోవడం. కాయలున్న మొక్కను తోట మధ్యలో ఒక చోటి నుంచి మరో చోటికి తిప్పకండి, నత్రజని ఎరువు గుప్పించకండి.

కాయ పండటానికి సుమారు రెండు నెలలు, చలికాలంలో ఇంకా ఎక్కువ. పచ్చదనం పోయి పసుపు, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు మారడం కనిపించగానే పల్చటి వల సంచి కట్టేయండి. కాయ ఐదు పగుళ్లుగా విచ్చుకుంటే గింజలు రాత్రికి రాత్రే నేల పాలవుతాయి. ఒక్కో కాయలో రెండు గింజలే ఉండొచ్చు, ఇరవై ఉండొచ్చు. తాలుగా, ముడతలుగా ఉన్నవి తీసేయండి.

గింజ నుంచి మొక్క

గింజ పెంకు గట్టిది. మొన దేలిన వైపు, అంటే మొలక వచ్చే వైపు వదిలేసి, గుండ్రటి వీపు మీద గోళ్ల కత్తెరతో చిన్న గాటు పెట్టండి. లోపలి తెల్లటి పప్పు కాస్త కనిపిస్తే చాలు. గోరువెచ్చని నీటిలో ఒక రాత్రి నానబెట్టి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్ల రాయి) సమానంగా కలిపిన మిశ్రమంలో అర సెంటీమీటరు లోతున వేయండి. 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంలో కొన్ని మూడు నాలుగు రోజుల్లో, చాలావరకు రెండు వారాల్లో మొలుస్తాయి. బద్ధకస్తులూ ఉంటాయి, ట్రేను నెల దాకా పారేయకండి. మొలకలు మొదట్లో కుప్పకూలితే అది నారుకుళ్లు: తడి ఎక్కువ, గాలి తక్కువ. పైమట్టి ఆరాకే నీళ్లివ్వండి.

నాలుగు ఆకులొచ్చాక 10 సెంటీమీటర్ల కుండీకి, వేళ్లు నిండాక 20 సెంటీమీటర్లదానికి. భాస్వరం తక్కువగా, పొటాష్ ఎక్కువగా ఉన్న ఎరువును పల్చగా, తరచుగా ఇవ్వండి. మొదటి పువ్వు చూసేదాకా చిగుళ్లు తుంచకండి. తుంచిన ప్రతిసారీ పువ్వు నెలలు వెనక్కి పోతుంది. తొమ్మిది నెలలకే పూసేవి ఉంటాయి, రెండేళ్లు పట్టేవీ ఉంటాయి.

ఏరివేత

ఇక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. తాము పుట్టించిన మొక్క ఏదైనా అందంగానే కనిపిస్తుంది, ఒక్కటీ పారేయబుద్ధి కాదు. ఫలితంగా చోటంతా నిండిపోయి తర్వాతి తరానికి కుండీ ఉండదు. వంద మొలకల్లో ఒకటి నిలబడినా మంచి జంట కుదిరినట్టే.

మొదటి పువ్వు మీద తీర్పు చెప్పకండి, అది చిన్నగా, వంకరగా రావచ్చు. నాలుగైదు పూలయ్యాక చూడండి. ఉదయం ఎనిమిదింటికి, సాయంత్రం ఐదింటికి అదే పువ్వును ఒకే చోట ఫోటో తీస్తే రంగు నిలకడ తెలిసిపోతుంది. అదే మొక్క ఎండాకాలంలో ఒక రంగు, చలికాలంలో ఒక రంగు చూపిస్తుంది కాబట్టి అన్ని కాలాలూ చూడాలి. తొడిమ పువ్వు బరువు మోస్తోందా? రెక్కలు మందంగా ఉన్నాయా, కాగితంలా వాలిపోతున్నాయా? పది మొగ్గల్లో ఎన్ని విచ్చుకున్నాయి? పిండినల్లి, ఎర్రనల్లి ముందు దీని మీదే వాలుతున్నాయా? పువ్వు ఎంత గొప్పదైనా నెలకు రెండే పూస్తే దాన్ని రకంగా బయటపెట్టకండి. రంగు కోసం మరో సంకరానికి తండ్రిగా మాత్రం ఉంచుకోండి. రాజీ పడకూడనిది మొగ్గ రాలడం దగ్గర.

చివరికి మిగిలిన రెండు మూడింటిని మార్కెట్లో ఉన్న పోలిన రకాల పక్కన పెట్టి చూడండి. తేడా మీరు చెబితే తప్ప ఎదుటివాళ్లకు తెలియకపోతే అది కొత్త రకం కాదు.

నిలకడ, పేరు

ఎంపికైన మొక్క నుంచి 10 నుంచి 15 సెంటీమీటర్ల అరముదురు కొమ్మలు పది కోసి నాటండి. పది నాటితే ఎన్ని వేరు పోశాయో రాసుకోండి. వేరు సరిగా పోయకపోతే బలమైన ఎర్ర రెక్క మందారం మీద చీలిక అంటు కట్టండి. అలా పెంచిన మొక్కలన్నీ ఒకేలా పూయాలి. ఏ కొమ్మైనా వేరే రంగు చూపిస్తే రకం ఇంకా కుదురుకోలేదు. ఆ వింత కొమ్మను విడిగా నాటి చూడటం మంచిదే, కొత్త రకాలు అలా పుట్టినవీ ఉన్నాయి. కాకపోతే అవి తిరిగి పాత రంగుకు మళ్లడమూ ఉంది.

ఈ దశలో కత్తి శుభ్రత చాలా ముఖ్యం. ఆకుల మీద పాలిపోయిన వలయాలు, మచ్చలు తెచ్చే మందార వలయ మచ్చ వైరస్ కోత కత్తితోనూ, అంటుతోనూ పాకుతుంది, మందు లేదు. మొక్క మారిన ప్రతిసారీ కత్తిని మంటలో కాల్చండి లేదా బ్లీచ్ ద్రావణంలో ముంచి తుడవండి. అనుమానమున్న మొక్క నుంచి ఎంత మంచి రకమైనా కొమ్మ తీయకండి.

పేరు పెట్టడానికి సాగు మొక్కల అంతర్జాతీయ నియమావళి ఉంది. ఇప్పుడు కొత్తగా పెట్టే పేర్లు లాటిన్‌లో ఉండకూడదు, 30 అక్షరాలు మించకూడదు, ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి. హైబిస్కస్ రకాల్లో ఎవరూ వాడని పేరై ఉండాలి, అందుకే ముందు మందారం రకాల పేర్లు నమోదు చేసే రిజిస్టర్‌లో వెతకండి. నమోదుకు తల్లిదండ్రుల పేర్లు, పూసిన ఏడు, పువ్వు కొలత, పొద ఎత్తు, రంగు వర్ణన, ఫోటోలు సిద్ధంగా పెట్టుకోండి. ఇది పేరుకు గుర్తింపు మాత్రమే. ఇతరులు పెంచి అమ్మకుండా హక్కు కావాలంటే అది వేరే దరఖాస్తు. అక్కడ ఇతర రకాల నుంచి భేదం, ఏకరూపత, నిలకడ మూడూ చూపించాలి. ఆ హక్కు అడగాలనుకుంటే మొక్కలు బయట అమ్మడానికి ముందే గడువులు చూసుకోండి, ఎందుకంటే ముందుగా అమ్మేస్తే కొత్తదన్న అర్హత పోతుంది.