పట్టేసిన డర్ట్ బైక్ ఇంజన్ మళ్లీ బిగించే ముందు

వానలు పడితే ఆయిల్ లేక పట్టేసినవి (లోపల బిగుసుకుని తిరగనివి), వాగులో నీళ్లు తాగినవి షెడ్డుకి వరుస కడతాయి. ఈ జాగ్రత్తలు ఫోర్ స్ట్రోక్ సింగిల్ సిలిండర్ బళ్లకి.

– ముందు ఆయిల్ దారులు. పాత పిస్టన్, బేరింగుల రజను కేసు (క్రాంకు ఉండే ఇంజన్ కింది పెట్టె) రంధ్రాల్లో, పంపులో, జాలీలో దాక్కుని కొత్త బేరింగునే మొదట తినేస్తుంది. అప్పుడు పెట్టిన ఖర్చంతా మళ్లీ మొదటికి. కేసు విప్పి ప్రతి రంధ్రంలో కిరోసిన్ పోసి, గాలి కొట్టి, అవతల తెల్లగుడ్డ పట్టండి. గుడ్డ మీద మెరుపు కనిపించినంతసేపూ కడగాల్సిందే. పంప్ రోటర్ మీద గోటికి తగిలే గీత ఉంటే పంపు మార్చండి.

– కనెక్టింగ్ రాడ్‌కి పక్కలకు కాస్త ఆట మామూలే, పైకీ కిందికీ ఉండకూడదు. నీళ్లు తాగిన ఇంజనైతే వంపు కూడా చూడండి. నీళ్లు గాలిలా నొక్కుకుపోవు, రాడ్డే వంగుతుంది.

– పిస్టన్ రింగును పిస్టన్‌తో బోర్‌లోకి (సిలిండర్ లోపలికి) సమంగా తోసి, కొసల మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) పెట్టండి. 60 మి.మీ. బోర్‌కి గ్యాప్ సుమారు 0.25 మి.మీ., మాన్యువల్‌లో అంకె ఉంటే అదే లెక్క. తగ్గితే వేడికి కొసలు కలిసి మళ్లీ పట్టేస్తుంది.

– పిస్టన్ పిన్ జారకుండా పట్టే లాకులు కొత్తవే. వేసేటప్పుడు కేసు నోట్లో గుడ్డ కుక్కండి, జారితే మళ్లీ కేసు విప్పడమే.

– హెడ్ నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తో (బిగింపు బలం కొలిచే పానా) బిగించండి.

– సెల్ఫ్ కొట్టే ముందు క్రాంకుని చేత్తో రెండు చుట్లు తిప్పండి. గట్టిగా తగిలితే ఆపేయండి, టైమింగ్ చైన్ ఒక పన్ను తప్పినా వాల్వు వంగొచ్చు.

– గంట నడిపాక మొదటి ఆయిల్ పారబోయండి.