సిమెంట్ లేని తుంటి మార్పిడి: స్టెమ్ ఎముకలో పట్టిందో లేదో తేల్చుకోవడం ఎలా?

తుంటి మార్పిడిలో తొడ ఎముక లోపలికి దించే లోహపు కాడే స్టెమ్. సిమెంట్ వాడని స్టెమ్‌ను మొదట్లో నిలబెట్టేది బిగింపు ఒక్కటే. దాని గరుకు పూతలోకి ఎముక పెరిగి పట్టుకోవడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఈలోగా ఎముకకూ స్టెమ్‌కూ మధ్య కదలిక 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) లోపే ఉంటే ఎముక పడుతుంది. 150 దాటితే ఎముకకు బదులు పీచు కణజాలం చేరుతుంది. అందుకే మొదటి మూడు నెలల ఎక్స్‌రేలను అశ్రద్ధ చేయకూడదు.

అన్నిటికీ ఆధారం ఆపరేషన్ అయిన వెంటనే తీసిన ఎక్స్‌రే. దాన్ని పోగొట్టుకోవద్దు. 6 వారాలకు, 3 నెలలకు, ఏడాదికి తీసినవాటిని దాని పక్కన పెట్టి చూడాలి. ప్రతిసారీ కాలు ఒకే తీరున తిప్పి పెట్టాలి, లేకపోతే కొలతలు తప్పుతాయి.

గ్రేటర్ ట్రోకాంటర్ (తొడ ఎముక పైన బయటివైపు ఉండే గుబ్బ) కొన నుంచి స్టెమ్ భుజం (పైభాగంలోని బయటి మూల) దాకా నిలువు దూరం కొలవండి. ఫిల్మ్‌పై కొలతను నేరుగా నమ్మొద్దు. మొదటి ఫిల్మ్‌లో స్టెమ్ పైన అమర్చిన 32 మి.మీ. కృత్రిమ బంతి 38.4గా కనిపిస్తే, బొమ్మ 1.2 రెట్లు పెద్దదైందన్నమాట. అప్పుడు 18 మి.మీ. దూరం అసలు 15. ఆరు వారాల ఫిల్మ్‌లో అదే బంతి 36.8, దూరం 18.4 ఉంటే అసలు దూరం 16. పైకి 0.4 తేడాగా కనిపించినా స్టెమ్ దిగింది 1 మి.మీ. మామూలు ఎక్స్‌రేలో 2 మి.మీ. లోపు తేడా కొలత పొరపాటూ కావచ్చు, కంగారు పడొద్దు.

మొదటి వారాల్లో కాస్త దిగి ఆగిపోతే మంచిదే. మూడు నెలలు దాటినా దిగుతూనే ఉంటే పట్టు లేనట్టే. ఒక్కసారిగా 5 మి.మీ. దిగిందంటే ముందు తొడ ఎముకలో పగులు కోసం వెతకండి, కాళ్ల పొడవూ కొలవండి.

పూత ఉన్న భాగం చుట్టూ తెల్లటి అంచుతో గీత కనిపిస్తే అనుమానించాలి. పూత లేని నున్నటి కొన దగ్గర కనిపించే గీతకు మాత్రం భయం అక్కర్లేదు. పూత ముగిసేచోట ఎముక లోగోడ నుంచి స్టెమ్‌కు వంతెనలా ఎముక కట్టిందంటే పట్టు కుదిరినట్టే. పైన లోపలివైపు ఎముక కాస్త పలచబడటం చూసి వదులైందనుకోవడం తరచూ జరిగే తప్పు. బరువు స్టెమ్ గుండా కింది ఎముకకు చేరుతోందనడానికి అది గుర్తు.

రోగిని ఇలా అడగండి: కుర్చీలోంచి లేచి వేసే మొదటి నాలుగడుగుల్లో తొడ మధ్యలో నొప్పి వస్తుందా? నడిచేకొద్దీ తగ్గుతుందా? అవునంటే వదులు స్టెమ్‌ను అనుమానించండి. పడుకున్నా, రాత్రిపూటా తగ్గని నొప్పైతే ఇన్ఫెక్షన్ కాదని తేలాకే మరో మాట. ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షల్లో సీఆర్‌పీ ఆపరేషన్ తర్వాత కొన్ని వారాల్లో మామూలు స్థాయికి వస్తుంది, ఈఎస్‌ఆర్‌కు నెలలు పడుతుంది. అందుకే తొలి నెలల్లో ఈఎస్‌ఆర్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. సీఆర్‌పీ తగ్గి మళ్లీ పెరిగితే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కీలు నుంచి నీరు తీసి కల్చర్‌కు (సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్షకు) పంపండి.