పాత కారు తుప్పు రేకుకి ఇంట్లోనే అతుకు వేయడం ఎలా?

మా మారుతీ 800లో మ్యాట్ ఎత్తి చూస్తే, డ్రైవర్ కాళ్ల కింద అరచేయంత చిల్లు. హైదరాబాద్ వానలకి పాత కార్లలో ఇది మామూలే.

గేట్లు అతికే కడ్డీ వెల్డింగ్ మెషీన్ దీనికి వాడొద్దు. కారు రేకు మందం సాధారణంగా ఒక మిల్లీమీటరు లోపే, అంటించగానే బొక్క పడుతుంది. మిగ్ మెషీన్ (గాలి తగలకుండా గ్యాస్ కప్పుతూ, వైరు కరిగించి అతికేది), 0.6 మి.మీ. వైరు కావాలి. రాణిగంజ్‌లో అడిగి చూడండి.

ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. సీట్లు, మ్యాట్లు బయటపెట్టండి. పెట్రోల్ ట్యాంకు, పైపులు దగ్గర్లో ఉంటే విప్పి దూరంగా పెట్టాల్సిందే. పక్కన బకెట్టు నీళ్లు, తల మీద వెల్డింగ్ హెల్మెట్. రేకుని బ్రేక్ క్లీనర్‌తో తుడవకండి, కొన్ని రకాలు వేడికి విషవాయువు వదులుతాయి.

స్క్రూడ్రైవర్‌తో పొడుస్తూ గట్టి రేకు తగిలేదాకా తుప్పంతా కోసేయండి. అట్టముక్కతో కొలత తీసి, అదే మందం రేకుని మూలలు గుండ్రంగా ఉండేలా కత్తిరించండి. అంచుల్లో పెయింటు గీకి, వైరు మందమంత సందు వదిలి అయస్కాంతాలతో నిలబెట్టండి. ఎర్త్ క్లాంప్ (మెషీన్ నుంచి వచ్చే రెండో వైరు పట్టకారు) దగ్గర్లోనే తగిలించాలి.

ఇక అసలు పని. గీత లాగొద్దు, టాకాలు (చుక్క చుక్కగా వేసే అతుకులు) మాత్రమే. ట్రిగ్గర్ ఒక్క సెకను నొక్కి వదిలేయండి. ఎర్రటి చుక్క నల్లబడాక మరోటి, అదీ పక్కన కాదు, ఎదురు అంచున. మొదట మూలలు, తర్వాత మధ్యలు, ఆ మధ్యలకి మళ్లీ మధ్యలు. మొదటిసారి నేను ఆత్రం కొద్దీ మూడంగుళాలు ఏకబిగిన లాగితే రేకు అప్పడంలా ఉబ్బింది. మొత్తం కోసి మళ్లీ మొదలుపెట్టాను. ఉక్కగా ఉందని ఫ్యాన్ వేశారో, గ్యాస్ ఎగిరిపోయి అతుకంతా జల్లెడవుతుంది. ఆంపియర్లు ఎంతో ముందు పనికిరాని రేకు మీదే తేల్చుకోండి: వెనక్కి తిప్పితే చుక్క కిందికి కొద్దిగా దిగి కనిపించాలి.

టాకాలన్నీ కలిశాక గ్రైండర్‌కి ఫ్లాప్ డిస్క్ (గరుకు పట్టీల చక్రం) బిగించి ఆగి ఆగి అరగదీయండి, గ్రైండర్ వేడికీ రేకు వంగుతుంది. రెండువైపులా ప్రైమర్, అతుకు మీద సీలర్, అడుగున అండర్‌బాడీ కోటింగ్. అంతా ఆరాకే మ్యాట్ పరవండి.