బోరు నీళ్ళున్న ఇంట్లో డిష్‌వాషర్‌ను బిగించడం ఎలా?

గాజు గ్లాసులు మూడు నెలలకే సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయని, ఇంత ధర పెట్టి కొన్న యంత్రం ఇంతేనా అని విసుగుతో నన్ను పిలిచే ఇళ్ళు అనంతపురంలో తక్కువేమీ లేవు. వెళ్ళి చూస్తే యంత్రంలో లోపం కనబడదు. బిగించడానికి వచ్చిన మనిషి కుళాయికి గొట్టం తగిలించి, ప్లగ్గు పెట్టి, ఒకసారి నడిపి చూపించి, సంతకం తీసుకొని వెళ్ళిపోయి ఉంటాడు. యంత్రం అడుగున నీటిని మెత్తబరిచే అర ఒకటి ఉందని, దానికి ఆ ఇంటి నీళ్ళను బట్టి ఒక అంకె పెట్టాలని ఇంటివాళ్ళకు చెప్పి ఉండడు, తానూ పెట్టి ఉండడు. తక్కిన పనులను కాస్త జాగ్రత్త ఉన్నవారెవరైనా చేయగలరు కాబట్టి వాటిని త్వరగా చెప్పి, ఆ అంకె దగ్గర ఆగుతాను.

చోటు, కరెంటు, కుళాయి

పెద్ద యంత్రానికి 60 సెంటీమీటర్ల వెడల్పు, గట్టు కింద అమర్చేదైతే సుమారు 82 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఖాళీ కావాలి. మన ప్రాంతంలో వంటగట్టు కింద అరలకు నిలువుగా నిలబెట్టేది కడప నాపరాయే. పైనున్న గ్రానైట్ బరువును ఆ బండే మోస్తూ ఉంటుంది కనుక, చోటు కోసం దానిని కోయించేవారు ముందుగా ఇనుప యాంగిల్ ఫ్రేము నిలబెట్టి, ఆ తరువాతే కోత యంత్రాన్ని ముట్టుకోవాలి. బండ తీసేసి గ్రానైట్‌ను గాలిలో వదిలేస్తే సింకు మూల దగ్గర పగులు రావడానికి ఎన్నాళ్ళో పట్టదు.

కరెంటుకు 16 ఆంప్స్ సాకెట్ వేరుగా ఉండాలి, అది యంత్రం వెనుక కాకుండా పక్క అరలో చేతికి అందేటట్టు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో నడపకూడదు. ఎర్తింగ్ సంగతి మాత్రం ఒక్క మాట: ఈ నేలలో ఎండాకాలం వచ్చేసరికి ఎర్త్ గుంత ఎండిపోయి పేరుకే మిగులుతుంది. కాబట్టి బిగించే రోజున ఎలక్ట్రీషియన్ చేత కొలిపించి, వేసవిలో ఆ గుంతలో అప్పుడప్పుడు నీళ్ళు పోయడం అలవాటు చేసుకోవాలి.

కుళాయి మూతికి ముప్పావు అంగుళం మర ఉండాలి. గొట్టం తగిలించే ముందు ఆ కుళాయిని బకెట్‌లోకి రెండు నిమిషాలు పూర్తిగా తిప్పి వదిలితే కొత్త పైపుల్లోని సిమెంటు ఇసుక బయటికి పోతుంది. లేకపోతే అదంతా గొట్టం మొదట్లోని జల్లెడను మూసేస్తుంది. ఇంతకన్నా ముఖ్యమైనది నీటి ఒత్తిడి. నిలిచిన నీటిలో మీటరు ఎత్తుకు దాదాపు 0.1 బార్ ఒత్తిడి వస్తుంది. చాలా యంత్రాలకు కనీసం 0.5 బార్ కావాలి, అంటే ట్యాంకు అడుగు కుళాయి కంటే ఐదు మీటర్లు పైన ఉండాలి. ఒక అంతస్తు ఇంట్లో మిద్దె మీదే ట్యాంకు పెట్టుకున్నవారికి మూడు మీటర్లు, మహా అయితే నాలుగు మీటర్లు దొరుకుతాయి. యంత్రం మొదలైన కాసేపటికి నీళ్ళు రావడం లేదని గుర్తు చూపించి ఆగిపోతుంటే బోర్డు కాలిపోయిందని బేరానికి దిగేవారిని నమ్మకుండా, ముందు ట్యాంకు ఎత్తు కొలిచి, అవసరమైతే చిన్న ప్రెషర్ పంపు పెట్టించాలి.

మురికినీటి గొట్టాన్ని గట్టు అంచు దాకా పైకెత్తి కట్టి, అక్కడి నుంచి సింకు కింది బాటిల్ ట్రాపు పక్క మూతికి దించాలి. కొత్త ట్రాపులో ఆ మూతికి లోపల ప్లాస్టిక్ అడ్డు ఉంటుంది. దానిని కోసి తీయకుండా గొట్టం బిగించి, నీళ్ళు పోవడం లేదని మరుసటి రోజు ఫోను చేసినవారు నాకు గుర్తున్నారు. చివరగా రసమట్టం పెట్టి, కాళ్ళు తిప్పి సమం చేస్తే ఈ భాగం పూర్తయినట్టే.

అసలు పని: నీటి కాఠిన్యాన్ని కొలవడం

మన వాడుకలో గిన్నెలకు తెల్లమరకలు పట్టించే నీళ్ళను కూడా ఉప్పునీళ్ళనే అంటాము. అందుకే డిష్‌వాషర్ ఉప్పు తెమ్మని చెప్పగానే, ‘మావే ఉప్పునీళ్ళు గదన్నా, మళ్ళీ ఉప్పెందుకు?’ అని అడుగుతారు. ప్రశ్నలో తప్పు లేదు. నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం వలన వచ్చేది కాఠిన్యం, వేడి తగిలితే సున్నపు పొరగా పేరుకొనేది అదే. యంత్రం అడుగున ఉండే రెసిన్ గుళికలు ఆ రెండింటినీ పట్టుకొని బదులుగా సోడియం వదులుతాయి. కొన్ని వాష్‌లకు గుళికలు నిండిపోతాయి, అప్పుడు ఉప్పునీటితో కడిగితే పట్టుకొన్నదంతా మురికినీటిలోకి పోయి గుళికలు మళ్ళీ పనికి సిద్ధమవుతాయి. అంటే మనం పోసే ఉప్పు గిన్నెలను తాకదు, గుళికలను కడగడానికే ఖర్చవుతుంది. ఎన్ని వాష్‌లకు ఒకసారి అలా కడగాలో యంత్రానికి చెప్పేదే ఆ అంకె.

ఇక్కడే దాదాపు అందరూ తప్పటడుగు వేస్తారు. జేబులోంచి టీడీఎస్ మీటరు తీసి, గ్లాసులో ముంచి, 1100 చూపించగానే అంకెను చిట్టచివరికి తిప్పేస్తారు. టీడీఎస్ అంటే నీటిలో కరిగినవన్నీ కలిపిన లెక్క, అందులో కాల్షియం, మెగ్నీషియం ఎంతో ఆ మీటరుకు తెలియదు. అనంతపురం చుట్టుపక్కల ఈ తేడా మరీ ప్రమాదకరం. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న భూగర్భ జలాల్లో తరచుగా సోడియం, బైకార్బనేటు ఎక్కువగాను, కాల్షియం తక్కువగాను ఉంటాయి, ఎందుకంటే కాల్షియం ఎక్కువున్న చోట ఫ్లోరైడ్ దానితో కలిసి గడ్డకట్టి నీటి నుంచి విడిపోతుంది. అలాంటి బోరు నీటిలో టీడీఎస్ ఆకాశంలో ఉన్నా కాఠిన్యం మధ్యస్థంగా ఉండవచ్చు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేనూ మీటరును నమ్మి ఒక ఇంట్లో చివరి అంకె పెట్టాను. ఏడాది తిరిగేసరికి వారి మంచి గాజు గ్లాసులన్నీ మసకబారాయి. అది సున్నం కాదు, అతిగా మెత్తబడిన వేడినీరు, క్షారపు పొడి కలిసి గాజునే తినేసిన గుర్తు. సున్నమైతే నిమ్మరసంతో పోతుంది, గాజు కోత మాత్రం దేనితోనూ పోదు. ఆ గ్లాసులకు నేను డబ్బులు కట్టుకొన్నాను. అప్పటి నుంచి టీడీఎస్ మీటరును సంచిలోనే పెట్టుకోను.

కొలవడానికి కావలసింది కాఠిన్యాన్ని కొలిచే చుక్కల కిట్టు. రంగు మారే కాగితపు పట్టీలు కూడా దొరుకుతాయి కానీ అవి శ్రేణిని మాత్రమే చెబుతాయి, నేను వాటిని వాడను, మీరూ వాడకండి. చుక్కల కిట్టులో కొలత గీత వరకు నీళ్ళు పోసి, రంగు మందు వేస్తే నీళ్ళు ద్రాక్షరసం రంగుకు తిరుగుతాయి. తరువాత రెండవ సీసా నుంచి ఒక్కొక్క చుక్కే వేస్తూ, ప్రతి చుక్కకూ కలుపుతూ, నీళ్ళు ఎరుపు ఛాయ ఏమాత్రం లేని నీలానికి మారే వరకు లెక్కపెట్టాలి. ఊదా రంగు దగ్గర ఆగిపోకూడదు, అది సగం దారి మాత్రమే. సీసాను నిటారుగా పట్టుకొంటేనే చుక్కలు ఒకే పరిమాణంలో పడతాయి. ఒక్కో చుక్కకు ఎన్ని మిల్లీగ్రాములో కిట్టు మీద ఉంటుంది, దానితో గుణిస్తే లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని తేలుతుంది. ఇదంతా రెండుసార్లు చేసి, రెండూ కలిస్తేనే రాసుకోవాలి.

ఏ నీళ్ళు కొలవాలన్నది ఇంకొక చిక్కు. తాగే ఆర్వో నీళ్ళను కొలిచి సంబరపడినవారు ఉన్నారు. యంత్రం వెనుక ఉన్న కుళాయి నీళ్ళనే కొలవాలి. అనంతపురానికి పెన్న అహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయరు నుంచి, కర్నూలుకు సుంకేసుల నుంచి వచ్చే నది నీళ్ళు సాధారణంగా బోరు నీళ్ళ కన్నా మెత్తన. అయితే ఇళ్ళలో మున్సిపల్ నీళ్ళు, బోరు నీళ్ళు ఒకే ట్యాంకులో కలుస్తాయి, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరు నీళ్ళు కూడా వచ్చి చేరతాయి. కాబట్టి మున్సిపల్ నీళ్ళు ఎక్కిన రోజున ఒకసారి, బోరు మోటారు వేసిన రోజున ఒకసారి కొలిచి, ఎక్కువ రోజులు ఏ నీళ్ళు వాడతారో దానికి అంకె పెట్టి, వేసవిలో తిరిగి కొలిచి మార్చుకోవాలి.

యంత్రపు పుస్తకంలో పట్టిక జర్మన్ డిగ్రీల్లో ఉంటే కంగారు పడనక్కరలేదు. ఒక జర్మన్ డిగ్రీ లీటరుకు 17.8 మిల్లీగ్రాములకు సమానం. మీ కొలత 450 వస్తే, దానిని 17.8తో భాగించగా సుమారు 25 డిగ్రీలు. పట్టికలో 25 ఏ వరుసలో పడుతుందో చూసి, దానికి ఎదురుగా ఉన్న అంకెను పెట్టాలి. ఈ అంకెలు ఒక్కో కంపెనీకి ఒక్కో తీరుగా ఉంటాయి కాబట్టి పక్కింటివారు పెట్టుకొన్న అంకె మీకు పనికిరాదు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 మామూలుగా 200, వేరే దిక్కు లేనప్పుడు 600 మిల్లీగ్రాముల వరకు కాఠిన్యాన్ని ఒప్పుకొంటుంది. చాలా యంత్రాల రెసిన్ అర సుమారు 50 డిగ్రీల వరకు, అంటే దాదాపు 890 మిల్లీగ్రాముల వరకు తట్టుకొంటుంది. మీ బోరు అంతకు మించితే యంత్రానికి మున్సిపల్ నీళ్ళ లైను విడిగా వేయించుకోవాలి, లేదా ఇంటి మొత్తానికీ సాఫ్ట్‌నర్ పెట్టించుకోవాలి.

‘అన్నీ ఒకదానిలోనే’ అని అమ్మే బిళ్ళలతో ఉప్పు అక్కరలేదనే మాట సుమారు 21 డిగ్రీల లోపు నీళ్ళకు చెప్పినది. కుళాయి దగ్గర తెల్లటి ఫాస్ఫేటు బంతుల డబ్బా తగిలించి పని అయిపోయిందనేవారి మాట కూడా వినకండి. ఆ బంతులు కాఠిన్యాన్ని తీయవు, సున్నం అంటుకోకుండా కొంతసేపు ఆపుతాయి, ఆ గుణం కూడా వేడి నీటిలో తగ్గిపోతుంది. ఆర్వో గొట్టాన్ని యంత్రానికి తగిలించిన ఇల్లూ చూశాను. ఒక వాష్‌కు కావలసిన పది లీటర్లు ఆ సన్న ధారతో ఎప్పటికి నిండుతాయో వారే చెప్పాలి.

ఉప్పు పోయడం

గిన్నెలు పెట్టే కింది అరను బయటికి తీసి, అడుగున ఉన్న మూత తిప్పి, మొదటిసారి మాత్రమే ఆ గుంతలో సుమారు లీటరు నీళ్ళు పోయాలి. తరువాత గరాటుతో డిష్‌వాషర్ ఉప్పును నిండేదాకా పోస్తే, అది దిగినకొద్దీ నీళ్ళు పైకి పొర్లుతాయి. అది మామూలే. వంట ఉప్పులో అయోడిను, గడ్డకట్టకుండా కలిపే మందు ఉంటాయి, కల్లుప్పులో మెగ్నీషియం, మట్టి ఉంటాయి, అందువలన ఆ రెండూ పనికిరావు. పొరపాటున సబ్బు పొడి ఆ గుంతలో పడితే రెసిన్ అర పాడైనట్టే, కనుక పిల్లల చేత ఈ పని చేయించవద్దు. మూత చుట్టూ పడిన ఉప్పును తుడిచి, మూతను గట్టిగా బిగించి, గిన్నెలేమీ పెట్టకుండా వెంటనే ఒక వాష్ నడపాలి. పొర్లిన ఉప్పునీళ్ళు రాత్రంతా నిలిస్తే స్టీలు అడుగున తుప్పు చుక్కలు పడతాయి. ‘రేపు పొద్దున నడుపుదాంలే’ అనుకొనేటట్టయితే ఉప్పు కూడా రేపు పొద్దుననే పోసుకోవాలి.

ఇప్పటికే సున్నం పట్టిన యంత్రమైతే

పాత యంత్రాన్ని పారేయనక్కరలేదు. నీళ్ళు చిమ్మే రెక్కలను విప్పి, రంధ్రాలను పుల్లతో శుభ్రపరిచి, అడుగు జల్లెడను కడిగి, 100 గ్రాముల నిమ్మ ఉప్పును లోపల చల్లి, గిన్నెలు లేకుండా వేడి వాష్ నడిపితే పొర చాలావరకు కరుగుతుంది. మొండిగా ఉంటే మళ్ళీ ఒకసారి నడపాలి. స్నానాల గదికి వాడే యాసిడ్‌ను మాత్రం ఎంత తక్కువైనా పోయకూడదు, అది స్టీలును, రబ్బరు అంచును కలిపి తినేస్తుంది. నిమ్మ ఉప్పుతో పాటు బ్లీచింగ్ కలిపితే విషవాయువు వస్తుంది కనుక ఆ ప్రయత్నమూ వద్దు. పొర పోయిన తరువాత పైన చెప్పిన కొలత తీసి, అంకె మార్చి, కొలిచిన తేదీని, మిల్లీగ్రాముల లెక్కను, పెట్టిన అంకెను ఒక చీటీ మీద రాసి సింకు కింది తలుపు లోపలి వైపు అంటించాలి. ఆ తరువాత వచ్చే మరమ్మతు మనిషి నేనైనా, మరొకరైనా, మొదట చూసేది ఆ చీటీనే కావాలి.