బీటెక్ పిల్లలతో లోహపు పోత మీద విదేశీ ల్యాబ్‌తో కలిసి రీసెర్చ్ చేయించాలంటే

విదేశీ యూనివర్సిటీతో కలిసి రీసెర్చ్ అనగానే మన కాలేజీల్లో ముందు ఎంఓయూ (రెండు సంస్థల మధ్య ఒప్పంద పత్రం) గురించి మాట్లాడతారు. అది సంతకాల దాకా వచ్చేసరికి మీరు అనుకున్న పిల్లలు ఫైనలియర్ దాటి వెళ్లిపోతారు. అందుకే కాగితం సంగతి తర్వాత, ముందు ప్రశ్న చూసుకోండి. అవతలి ల్యాబ్‌కి తేలిగ్గా దొరకనిది, మనకి ఊరికే దొరికేది ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకుని, థర్డ్ ఇయర్ పిల్లలు ఒక సెమిస్టర్‌లో కొలిచి తేల్చగలిగేంత చిన్న ప్రశ్నగా మార్చాలి.

మాకు దొరికింది గాలిలో తేమ. మాది కోస్తా. కరిగిన అల్యూమినియం గాలిలోని నీటి ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్‌ని లోపలికి లాక్కుంటుంది, కానీ గడ్డకట్టేటప్పుడు అందులో సుమారు 20వ వంతే పట్టి ఉంచుకోగలదు కాబట్టి మిగతాది బుడగలై పోతలో చిల్లులు పెడుతుంది. అవతలి ల్యాబ్ ఉన్న జర్మనీలో జనవరి గాలికీ మన ఆగస్టు గాలికీ చాలా తేడా. ఏ356 మిశ్రమాన్ని (7 శాతం సిలికాన్, కాస్త మెగ్నీషియం) ఒకే బ్యాచ్ దిమ్మల నుంచి తీసుకుని, రెండు చోట్లా 720 డిగ్రీల దగ్గర ఒకే పద్ధతిలో పోస్తే ఆ తేడా ఎంతో తెలుస్తుంది. ఇక్కడ మన పిల్లల కొలత లేకపోతే వాళ్ల పని కూడా సగమే.

కొలవడానికి పెద్ద మెషీన్లు అక్కర్లేదు. రెండు చిన్న ఉక్కు కప్పుల్లో లోహం పోసి, ఒకదాన్ని మామూలు గాలిలో, రెండోదాన్ని వాక్యూమ్‌లో 80 మిల్లీబార్ దగ్గర గడ్డకట్టనివ్వాలి. రెండింటినీ గాలిలో ఒకసారి, నీళ్లలో ఒకసారి తూచి సాంద్రత కట్టాలి. రెండు సాంద్రతల తేడాని గాలిలో గడ్డకట్టిన దాని సాంద్రతతో భాగించి 100తో గుణిస్తే డెన్సిటీ ఇండెక్స్ వస్తుంది, అది ఎంత పెద్దదైతే చిల్లులు పెట్టే గ్యాస్ అంత ఎక్కువున్నట్టు. ఫర్నేస్, వాక్యూమ్ పంపు, మంచి తూకం ఉంటే చాలు.

అసలు కష్టం లాగ్‌బుక్ దగ్గర. మొదటి సెమిస్టర్‌లో మా పిల్లలు 40 శాంపిళ్లు పోశారు, అంతా బాగుందనుకున్నాం. అవతలి ప్రొఫెసర్ ఒక్కటే అడిగారు: డీగ్యాసింగ్ (కరిగిన లోహంలోంచి హైడ్రోజన్‌ని బయటికి పంపడం) ఆపిన ఎన్ని నిమిషాలకి ఏ శాంపిల్ పోశారు? ఎవరూ రాయలేదు. రాయమని నేనూ చెప్పలేదు. ఆ 40 పక్కన పెట్టాం. పిల్లలు ఏడ్చినంత పని చేశారు. ఆ రోజు నుంచి టైము, గది ఉష్ణోగ్రత, తేమ శాతం, దిమ్మ నంబరు, పోసినవాళ్ల పేరు, అన్నీ పోసేటప్పుడే పెన్నుతో రాస్తున్నాం. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాసినదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

సేఫ్టీలో రాజీ పడొద్దు. కరిగిన అల్యూమినియం కింద నీటి చుక్క చిక్కినా పేలినట్టు ఎగజిమ్ముతుంది. గరిట, స్కిమ్మర్ (పైన తేలే మడ్డి తీసేది), అచ్చు, దిమ్మలు అన్నీ ముందే వేడి చేసి తేమ పోగొట్టాకే వాడాలి. సింథటిక్ బట్టలు, చెప్పులు వేసుకొచ్చినవాళ్లని ఆ రోజుకి వెనక్కి పంపేయండి, ఎంత బతిమాలినా సరే.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యం. చాలాచోట్ల అమ్మాయిల్ని కంప్యూటర్ సిమ్యులేషన్ దగ్గర కూర్చోబెట్టి అబ్బాయిల్ని ఫర్నేస్ దగ్గరికి పంపుతారు. అలా చేయకండి. వారానికోసారి పనులు మార్చండి, పోత అందరూ పోయాలి, గ్రాఫ్ అందరూ గీయాలి.

కాల్స్ మన సాయంత్రం ఏడింటికి పెట్టుకుంటే చలికాలంలో జర్మనీలో మధ్యాహ్నం రెండున్నర అవుతుంది, ఇద్దరికీ వీలే. మొదట్లో ఇంగ్లిష్ మాట్లాడాలంటే పిల్లలకి టెన్షన్. మీరు అందుకుని మాట్లాడేయకండి, వాళ్ల గ్రాఫ్ వాళ్లనే చూపించనివ్వండి, రెండు మూడు కాల్స్‌కి భయం పోతుంది.

ఇలా పని చేసిన పిల్లలకి అక్కడికి వెళ్లే దారి కూడా సులువవుతుంది. జర్మనీకి డాడ్ (DAAD, విదేశీ విద్యార్థులకి స్కాలర్‌షిప్‌లిచ్చే జర్మన్ సంస్థ) వాళ్ల వైజ్ (WISE) వేసవి ఇంటర్న్‌షిప్ స్కాలర్‌షిప్‌కి అక్కడి ప్రొఫెసర్ ఆహ్వానం కావాలి, కలిసి పని చేసినాయనని ఆ ఉత్తరం అడగడం తెలియనివాళ్లకి వంద మెయిళ్లు పెట్టడం లాంటిది కాదు. కెనడాకైతే మైటాక్స్ (Mitacs) సంస్థ వాళ్ల గ్లోబలింక్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ ఉంది, 12 వారాలు. రెండింటికీ దరఖాస్తు గడువు ముందు ఏడాదిలోనే అయిపోతుంది కాబట్టి వేసవి దగ్గర పడ్డాక చూసుకుంటే లాభం లేదు.

పేపర్‌లో ఎవరి పేర్లు, ఏ వరుసలో అన్నది మొదటి పోతకి ముందే రెండు ల్యాబుల వాళ్లూ మెయిల్‌లో రాసుకోండి. పిల్లల్ని కృతజ్ఞతల పేరాలోకి నెట్టడానికి నేను ఒప్పుకోను.

ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోయే ముందు ఒక పోత సెకండియర్ వాళ్లతో పోయించండి. సీనియర్లు పక్కనే నిలబడి చూడాలి, ప్రమాదం కనిపిస్తే తప్ప చెయ్యి వేయకూడదు. ఆ రోజు శాంపిల్ డెన్సిటీ ఇండెక్స్ పాత వాటితో కలిస్తే లాగ్‌బుక్ వాళ్ల చేతికి ఇచ్చేయొచ్చు, కలవకపోతే ఇంకో పోత పోయించండి.