బల్ల మీద పలికే సెట్టు మంట దగ్గర ఎందుకు తడబడుతుంది: ఫైర్ స్టేషన్ వాకీటాకీ ప్రోగ్రామింగ్ సమస్యలు, పరిష్కారాలు

స్టేషన్‌లోనే కంప్యూటర్ పెట్టుకుని వాకీటాకీలకు ఛానళ్లు ఎక్కించుకునేవాళ్ల కోసం ఇది. కేబుల్ ఎక్కడ గుచ్చాలో, రీడ్ (సెట్టులోంచి కంప్యూటర్‌లోకి తీయడం), రైట్ (కంప్యూటర్‌లోంచి సెట్టులోకి ఎక్కించడం) ఎక్కడుంటాయో తెలుసనుకునే రాస్తున్నాను. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఏ సెట్టునైనా ముందు రీడ్ చేసి, ఆ ఫైలును సెట్టు నంబరుతో, తేదీతో దాచుకున్నాకే రైట్ జోలికి వెళ్లండి. "ఏమీ చేయలేదండీ, ఊరికే రైట్ కొట్టాను" అంటూ నా బల్ల మీదికి వచ్చే సెట్లలో ఒక్కదానికీ పాత ఫైలు ఉండదు.

సాఫ్ట్‌వేర్ సెట్టును గుర్తించడం లేదు

ప్లగ్గు చివరిదాకా దిగలేదు. డ్రైవర్లు మార్చి, కంప్యూటర్ మార్చి, ఆఖరికి నాకు ఫోన్ చేస్తారు గానీ ప్లగ్గును బొటనవేలితో గట్టిగా నొక్కి చూడరు. రెండు పిన్నుల ప్లగ్గుల్లో ఆ చివరి మిల్లీమీటరే ముఖ్యం. సెట్టుకు తోలు కవరు ఉంటే తీసేసి గుచ్చండి. సెట్టు ఆన్‌లో ఉందా, బ్యాటరీ నిండుగా ఉందా అన్నది కూడా ఇప్పుడే చూడండి.

అది కాకపోతే విండోస్ డివైస్ మేనేజర్‌లో కామ్ పోర్టు (కేబుల్‌కు కంప్యూటర్ ఇచ్చే దారి) నంబరు చూసి, సాఫ్ట్‌వేర్‌లోనూ అదే పెట్టండి. కేబుల్‌ను వేరే యూఎస్‌బీ రంధ్రానికి మారిస్తే నంబరు కూడా మారవచ్చు. అక్కడ పసుపు గుర్తు కనిపిస్తే కేబుల్‌లో ఉన్నది నకిలీ ప్రొలిఫిక్ చిప్ (యూఎస్‌బీని కామ్ పోర్టుగా మార్చేది) అయి ఉండొచ్చు. కొత్త డ్రైవర్లు వాటిని ఒప్పుకోవు. పాత డ్రైవర్‌తో కుస్తీ పట్టే బదులు అదే పని చేసే మంచి ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ ఉన్న కేబుల్ కొనుక్కోవడం మేలు.

లైటు వెలుగుతోంది, స్పీకర్ పలకడం లేదు

సిగ్నల్ వస్తోంది, టోన్ కలవడం లేదు. టోన్ అంటే మాట వెనకే వెళ్లే గుర్తు స్వరం, అది కలిస్తేనే వినే సెట్టు స్పీకర్ తెరుస్తుంది. టోన్ చూడకుండా వచ్చిందంతా వినిపించే మానిటర్ బటన్ నొక్కి పట్టుకోండి. అప్పుడు మాట స్పష్టంగా వినిపిస్తే పంపే సెట్టులోని టోన్, వినే సెట్టులోని రిసీవ్ టోన్ పక్కపక్కన పెట్టి చూడండి. 103.5 హెర్ట్జ్ బదులు 107.2 ఎంచుకోవడం, టోన్ బదులు వాడే డిజిటల్ కోడ్‌లో నార్మల్ బదులు ఇన్వర్టెడ్ పెట్టడం మామూలుగా జరిగే పొరపాట్లు. మంట దగ్గర సెట్టు నుంచి సెట్టుకు నేరుగా మాట్లాడే ఛానల్‌లో రిసీవ్ టోన్ అసలు పెట్టకపోవడమే నాకిష్టం. ఎవరిదో గోల వినిపిస్తే వినిపించనివ్వండి, లోపల చిక్కుకున్నవాడి కేక తప్పిపోకూడదు.

బల్ల మీద బాగుంది, లోపలికెళ్లాక మాట తెగిపోతోంది

నన్ను రెండు వారాలు తిప్పింది ఇదే, కాబట్టి తీరిగ్గా చెబుతాను.

కొత్తగా కొన్ని సెట్లు వచ్చాయి. పాతవాటిలోని ఛానళ్లే వాటికీ ఎక్కించాను. బల్ల దగ్గర "హలో, హలో" అంటే అన్నీ పలికాయి. పొగ గదిలో డ్రిల్లు పెట్టినప్పుడు లోపలి జట్టు మాట ముక్కలుముక్కలుగా వచ్చింది. గోడలనుకున్నాం, యాంటెనాలు మార్చాం. మాస్కు అనుకున్నాం, బయటి మైకులు పెట్టి చూశాం. మానిటర్ నొక్కితే మాట తెగకుండా వచ్చేది, దాంతో టోనే కారణమని గట్టిగా నమ్మి టోన్లన్నీ తీసేశాను. అయినా తెగుతూనే ఉంది. బయటి నుంచి మేం చెప్పేది లోపలివాళ్లకు నూతిలోంచి వచ్చినట్టుండేదట. ఆ మాట మొదటి రోజే అన్నారు, నేనే చెవిన పెట్టలేదు.

అసలు కారణం ఛానల్ బ్యాండ్‌విడ్త్, అంటే ఛానల్‌కు ఇచ్చిన వెడల్పు. లోపలికెళ్లిన కొత్త సెట్లలో ఆ ఒక్క ఛానల్ వైడ్‌లో, అంటే 25 కిలోహెర్ట్జ్‌లో ఉంది. బయటున్న పాత సెట్లలో న్యారో, 12.5. వైడ్ సెట్టు గొంతు పెరిగే కొద్దీ సిగ్నల్‌ను అటూ ఇటూ 5 కిలోహెర్ట్జ్ దాకా ఊపుతుంది. న్యారో సెట్టు 2.5 దాకా ఊగే సిగ్నల్‌కు తగ్గట్టు చేసింది. అంతకు మించిన ఊపు దాని ఫిల్టర్‌లో పట్టదు, మాట బొంగురుపోతుంది. ఆ బొంగురును స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు రొద వినపడకుండా స్పీకర్ మూసే ఏర్పాటు) ఉత్త రొద అనుకుని స్పీకర్ మూసేస్తుంది. మానిటర్ నొక్కితే టోన్‌తో పాటు స్క్వెల్చ్ కూడా తెరుచుకుంటుంది, అందుకే మాట తెగదు. నేను బోల్తాపడింది సరిగ్గా అక్కడే.

బల్ల దగ్గర ఎందుకు దొరకలేదు? నెమ్మదిగా మాట్లాడితే ఊపు తక్కువ. పైగా సెట్లు పక్కపక్కనే ఉంటే సిగ్నల్‌కు లోటేమీ ఉండదు. మాస్కు పెట్టుకుని, పంపు హోరులో, ఊపిరి బిగబట్టి అరిచినప్పుడే మాట తెగుతుంది. వినపడట్లేదంటే మనిషి ఇంకా గట్టిగా అరుస్తాడు, ఇంకా తెగుతుంది.

గుర్తుపట్టడం తేలికే. ఒక సెట్టు వేరే గదిలోకి తీసుకెళ్లి ముందు గుసగుసగా, తర్వాత అరిచి మాట్లాడండి. టోన్ తప్పయితే రెండూ వినిపించవు. గుసగుస వినిపించి అరుపు తెగితే బ్యాండ్‌విడ్త్. ఎదురు దిక్కున మాట పీలగా వస్తోందా అని కూడా అడగండి. న్యారో సెట్టు మాట వైడ్ సెట్టులో చిన్నగానే వినిపిస్తుంది. ఒక దిక్కున తెగడం, మరో దిక్కున పీలగా రావడం జంటగా కనిపిస్తే ఇంక వేరేచోట వెతక్కండి.

ఈ తప్పు ఎలా దూరుతుందంటే, కొత్త ఛానల్ వరుస చేర్చినప్పుడు సాఫ్ట్‌వేర్ తనకు నచ్చిన విలువ వేసేస్తుంది. ఫ్రీక్వెన్సీ, టోన్, పేరు కళ్లెదుటే ఉంటాయి కాబట్టి సరిచూస్తాం. బ్యాండ్‌విడ్త్ గడి నా తెరలో కుడివైపు చివర, పక్కకు జరిపితే గానీ కనపడని చోట ఉంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

సరిచేయడానికి ముందు లైసెన్సు కాగితం తీయండి. అక్కడ 11కె0ఎఫ్3ఇ అని ఉంటే 12.5, 16కె0ఎఫ్3ఇ అని ఉంటే 25. మీ ఇష్టంతో పనిలేదు. ప్రతి మోడల్ ఫైలులోనూ ఆ గడిని పైనుంచి కిందిదాకా చదవండి. బండిలోని సెట్టునూ, సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే రిపీటర్‌నూ మరవకండి. మార్చి రైట్ చేశాక మళ్లీ రీడ్ చేసి చూడండి, సేవ్ చేసింది ఒక ఫైలు, ఎక్కించింది ఇంకొకటి కావడం నాకు తెలుసు. చివరగా మాస్కు పెట్టుకుని అరిచి పరీక్షించండి. తేదీ స్టిక్కరు సెట్టు ఒంటి మీద అంటించండి, బ్యాటరీ మీద కాదు. బ్యాటరీలు చేతులు మారుతూనే ఉంటాయి.

పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కితే బీప్, మాట పోదు

బిజీ ఛానల్ లాకౌట్ ఆన్‌లో ఉంది. ఛానల్‌లో ఎవరైనా మాట్లాడుతుంటే సెట్టు మిమ్మల్ని నోరు మెదపనివ్వదు. గోదాముల్లో అది మర్యాద, మంట దగ్గర ప్రమాదం. ఫైర్ ఛానళ్లన్నిటిలో తీసేయండి. మాట్లాడుతుండగా మధ్యలో బీప్ వచ్చి ఆగిపోతే అది టైమౌట్, ఒకరు మరీ ఎక్కువసేపు పంపితే ఆపేసే గడువు, దాన్ని అలాగే ఉంచండి. ఒకడి బటన్ నొక్కుకుపోయి ఇరుక్కుంటే అందరి ఛానలూ మూతపడకుండా కాపాడేది అదే.

మిగతావి

ఫ్రీక్వెన్సీ జరిగిపోవడం, ఫర్మ్‌వేర్ (సెట్టు లోపలి ప్రోగ్రామ్) పాడవడం, మెమరీ చిప్ చచ్చిపోవడం ఎప్పుడో గానీ తగలవు. ఒకే సెట్టు, అన్ని ఛానళ్లలోనూ, సరైన ఫైలు ఎక్కించాక కూడా మొరాయిస్తేనే వాటి గురించి ఆలోచించండి. అప్పుడు కూడా మీరు విప్పకండి, సర్వీసు బల్ల మీదికి పంపండి. పంపేముందు ప్లగ్గు మాత్రం ఇంకోసారి నొక్కి చూడండి.