ట్యాలీ పక్క సిస్టంలో తెరుచుకోవట్లేదా? ముందు ఎక్కడ చూడాలంటే

నెలనెలా జీఎస్‌టీ రిటర్నులు వేసేవాళ్ళకి 11వ తేదీ అమ్మకాల లెక్క చెప్పే జీఎస్‌టీఆర్-1కి గడువు, 20వ తేదీ పన్ను కట్టే 3బికి గడువు. ఈ రెండు తేదీలు దగ్గరపడే కొద్దీ నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ట్యాలీ రావట్లేదు" అంటారు, అదే, వ్యాపారం లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్. స్క్రీన్ మీద ఏం పడిందని అడిగితే "ఏదో ఎర్రర్ వచ్చింది, ఎంటర్ కొట్టేశాం" అంటారు. ఆ ఎంటర్ కొట్టకుండా ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. ఎందుకంటే "రావట్లేదు" అనే ఒక్క మాట వెనక నాలుగైదు వేరువేరు గొడవలుంటాయి, ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

నేను చెప్పేది నాలుగైదు సిస్టంలున్న ఆఫీసు సంగతి. ఒకదాంట్లో డేటా ఉంటుంది, దాన్నే అందరూ సర్వర్ అంటారు. నిజానికి అది అకౌంటెంట్ బల్ల కింద దుమ్ము పట్టి ఉండే మామూలు విండోస్ సిస్టమే. మిగతావాళ్ళు దాంట్లోని ఫోల్డర్‌ని నెట్‌వర్క్‌లో తెరుచుకుని ఎంట్రీలు వేస్తుంటారు. విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్టయినా, గుంటూరులో మిర్చి కమీషన్ వ్యాపారమైనా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల షాపైనా ఇదే ఏర్పాటు.

దేన్నీ కెలకకముందే ఒక పని చేయండి. సర్వర్ సిస్టం దగ్గరికి వెళ్ళి అక్కడ ట్యాలీ తెరిచి చూడండి. అక్కడే కంపెనీ (ట్యాలీలో ఒక వ్యాపారం లెక్కల మొత్తాన్ని అలా అంటారు) తెరుచుకోకపోతే నెట్‌వర్క్‌తో మీకు పని లేదు, డేటా సంగతి చూసుకోవాలి. అక్కడ బాగానే ఉండి పక్క సిస్టంలో మాత్రమే రాకపోతే కింద చెప్పినవి చూడండి.

ఎడ్యుకేషనల్ మోడ్ అని పడితే

ఫోల్డర్ల జోలికి వెళ్ళకండి, అది లైసెన్సు గొడవ. లైసెన్సు దొరక్కపోతే ట్యాలీ ఈ మోడ్‌లోకి వెళ్ళిపోతుంది. ఈ మోడ్‌లో 1, 2, 31 తేదీలకు తప్ప ఎంట్రీ పడదు కాబట్టి చాలామంది "తేదీ తీసుకోవట్లేదు" అని ఫోన్ చేస్తారు, ఎడ్యుకేషనల్ అనే మాట పైన కనిపిస్తున్నా పట్టించుకోరు. మీది సిల్వర్ లైసెన్సయితే అది ఒక్క సిస్టంకే, రెండోదాంట్లో ఇలా రావడం మామూలే, రిపేరు చేయడానికి అక్కడ ఏమీ లేదు. ఆఫీసులో అందరూ కలిసి వాడే గోల్డ్ ఉండి కూడా ఇలా వస్తే సర్వర్‌లో విండోస్ సర్వీసెస్ తెరిచి, మిగతా సిస్టంలకి లైసెన్సు అందించే ట్యాలీ గేట్‌వే సర్వర్ నడుస్తోందో లేదో చూడండి, ఆగిపోయి ఉంటే స్టార్ట్ కొట్టండి. నడుస్తున్నా రాకపోతే మామూలుగా అది వాడే 9999 పోర్టును (నెట్‌వర్క్‌లో రాకపోకలకి తలుపు లాంటిది) ఫైర్‌వాలో యాంటీవైరసో ఆపుతూ ఉండొచ్చు, లేదా సర్వర్ ఐపీ నంబరు (నెట్‌వర్క్‌లో దాని అడ్రసు) మారి పక్క సిస్టం ఇంకా పాత నంబరు దగ్గరే లైసెన్సు వెతుక్కుంటూ ఉండొచ్చు.

లైసెన్సు బాగానే ఉండి కంపెనీ కనిపించకపోతే

ట్యాలీ మూసేయండి. ఇక్కడి నుంచి కాసేపు ట్యాలీతో పని లేదు, విండోస్‌తోనే. సర్వర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొడితే దాని నంబరు వస్తుంది, 192.168.1.10 అనుకుందాం. పక్క సిస్టంలో విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, ఆ పెట్టెలో \\192.168.1.10 అని కొట్టండి. ముందర రెండు గీతలు ఎడమవైపు నుంచి కుడికి దిగేవి, వెబ్‌సైట్ అడ్రసుల్లో ఉండేవి కావు. ఇది చిన్న విషయమే కానీ ఫోన్లో చెప్పేటప్పుడు ప్రతిసారీ ఇక్కడే ఆగిపోతాం.

నంబరుతో తెరుచుకుని, పేరుతో మాత్రం తెరుచుకోకపోతే పెద్ద సమస్యేం కాదు. ట్యాలీలో డేటా ఉన్న చోటు చెప్పే దారిని (పాత్) నంబరుతోనే ఇచ్చేయండి, కాకపోతే ఆ నంబరు మళ్ళీ మారకుండా రౌటర్‌లో ఆ సిస్టంకి దాన్నే కట్టేయాలి. నెట్‌వర్క్ అని నొక్కితే సర్వర్ బొమ్మ కనిపించట్లేదని కంగారు పడేవాళ్ళుంటారు, ఆ బొమ్మ కనిపించకపోయినా ఫోల్డర్ తెరుచుకుంటుంది, దాన్ని వదిలేయండి.

నంబరుతో కూడా రాకుండా 0x80070035 అనో, పాత్ దొరకలేదనో పడితే ఇప్పుడు పక్క సిస్టంలో కూడా ఐపీకాన్ఫిగ్ కొట్టండి. 169.254తో మొదలయ్యే నంబరు వస్తే దానికి రౌటర్ నుంచి నంబరే అందలేదని అర్థం, కేబుల్ చూడండి, సిస్టంల కేబుళ్ళన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్ డబ్బా చూడండి. అన్నట్టు స్విచ్ అంటే గుర్తొచ్చింది. సర్వర్‌కి యూపీఎస్ పెడతారు, పక్క సిస్టంలకీ పెడతారు, మూలన గోడకి వేలాడే ఆ చిన్న స్విచ్‌ని మాత్రం మామూలు ప్లగ్గులో పెడతారు. కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే సిస్టంలేవీ ఆగవు, స్విచ్ మాత్రం ఆగి లేస్తుంది, ఆ క్షణంలో ఎంట్రీ సేవ్ చేస్తున్న మనిషికి ట్యాలీ ఎర్రర్ కొట్టి బయటికి నెట్టేస్తుంది. "మధ్యమధ్యలో దానంతటదే పోతోంది" అనే ఫిర్యాదుకి నేను ముందు వెతికేది ఆ ప్లగ్గునే.

ఒకదానికి 192.168.1తో, ఇంకోదానికి 192.168.0తో మొదలయ్యే నంబర్లుంటే మధ్యలో రెండో రౌటర్ దూరిందన్నమాట. నెట్ స్లోగా ఉందని ఎవరో కొత్త వైఫై డబ్బా కొనుక్కొచ్చి తగిలిస్తారు, అందరికీ యూట్యూబ్ వస్తుంది కాబట్టి నెట్‌వర్క్ బాగానే ఉందనుకుంటారు, కానీ డేటా ఒక డబ్బా వెనకా, ఎంట్రీ వేసే మనిషి ఇంకో డబ్బా వెనకా ఉండిపోతారు. ఆ రెండో డబ్బాలో డీహెచ్‌సీపీని (సిస్టంలకి నంబర్లు పంచే పని) ఆపేసి, కేబుల్‌ని వ్యాన్ పోర్టులోంచి తీసి ల్యాన్ పోర్టులో పెడితే సరిపోతుంది. ల్యాప్‌టాప్ గెస్ట్ వైఫైలో ఉన్నా ఇదే అవుతుంది, గెస్ట్‌లో ఉన్నవాళ్ళని లోపలి సిస్టంల దాకా రానివ్వకపోవడమే దాని పని.

నంబర్లు రెండూ ఒకే వరసలో ఉండి కూడా రాకపోతే సర్వర్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్ అని ఉందేమో చూసి ప్రైవేట్ చేయండి. కొత్త రౌటర్ పెట్టిన రోజునో, విండోస్ అప్‌డేట్ అయిన రోజునో ఇది మారిపోతూ ఉంటుంది. పింగ్‌కి (అవతలి సిస్టం ఉందా అని అడిగే చిన్న కమాండ్) జవాబు రాలేదని మాత్రం నెట్‌వర్క్ లేదని తేల్చేయకండి, పబ్లిక్‌లో ఉంటే ఫైర్‌వాల్ పింగ్‌ని కూడా మింగేస్తుంది. ఫైల్ షేరింగ్‌కి కావలసింది 445 పోర్టు, ఆఫీసు లోపల అది తెరిచి ఉంటే చాలు. ఇంటి నుంచి కూడా ట్యాలీ కావాలని రౌటర్‌లో ఆ పోర్టుని బయటి ప్రపంచానికి తెరిచేవాళ్ళని చూశాను, ఆ పని మాత్రం చేయకండి.

పాస్‌వర్డ్ అడిగి, ఏది కొట్టినా తీసుకోకపోతే

ఈ రోజుల్లో ఎక్కువ టైం తినేది ఇదే. 2024 అక్టోబరులో విండోస్ 11కి 24హెచ్2 అప్‌డేట్ మొదలైంది, దాంతో ప్రో ఎడిషన్‌లో కూడా పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేరింగ్‌ని విండోస్ ఒప్పుకోవడం మానేసింది. ఏళ్ళ తరబడి పాస్‌వర్డ్ లేకుండా నడిచిన ఫోల్డర్ ఒక పొద్దున "మీ సంస్థ భద్రతా విధానాలు అడ్డుకుంటున్నాయి" అనే అర్థం వచ్చే మెసేజ్ చూపిస్తుంది, ఓనరేమో "మా సంస్థకి విధానాలెక్కడివయ్యా, నేనేం పెట్టలేదే" అంటాడు. విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో ఫలానాది మారిస్తే మళ్ళీ పాతలాగే వస్తుందని వీడియోలు బోలెడున్నాయి. వస్తుంది, నిజమే. కానీ పది నిమిషాల్లో సరైన పని అయిపోతుంటే తలుపు గడియ పీకేయడం దేనికి?

సరైన పని ఇది. సర్వర్‌లో ఒక లోకల్ యూజర్‌ని కొత్తగా పెట్టండి, పేరు ట్యాలీయూజర్ అనుకోండి, దానికి పాస్‌వర్డ్ తప్పకుండా ఇవ్వండి. పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న లోకల్ యూజర్‌ని విండోస్ నెట్‌వర్క్ మీద రానివ్వదు, ఆ సిస్టం ముందు కూర్చున్నప్పుడే రానిస్తుంది. రోజూ లాగిన్‌కి కొట్టే నాలుగంకెల పిన్ కూడా ఇక్కడ చెల్లదు, అది ఆ ఒక్క సిస్టంకే. "పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నానండీ" అని ఒట్టేసేవాళ్ళలో చాలామంది కొట్టేది పిన్నే. తర్వాత పక్క సిస్టంలో కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, సర్వర్ నంబరు మీద పాతవి ఏమైనా దాచి ఉంటే తీసేసి, కొత్త పేరూ పాస్‌వర్డూ ఇవ్వండి. యూజర్ పేరు ముందు సర్వర్ పేరూ, ఇందాకటి లాంటి గీత ఒకటీ పెట్టి రాస్తే ఇంకా మంచిది. అప్పటికే వేరే యూజర్‌తో కనెక్షన్ ఉందని 1219 ఎర్రర్ వస్తే ఒకసారి రీస్టార్ట్ చేయండి.

పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టం ఒకటి మూలన ఇంకా బతికే ఉందనుకోండి, దాని కోసం మిగతావాటిలో ఎస్ఎంబీ1 (ఫోల్డర్లు పంచుకునే పాతకాలం పద్ధతి) ఆన్ చేయమని ఎవరైనా చెబితే వద్దనండి. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) దూరింది ఆ దారిలోనే, అప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ పాత సిస్టంని బిల్లు ప్రింటుకో దేనికో వాడుకోండి, ట్యాలీ డేటా నుంచి మాత్రం దూరం పెట్టండి.

ఫోల్డర్ తెరుచుకుంది, ట్యాలీ మాత్రం యాక్సెస్ లేదంటోంది

పక్క సిస్టం నుంచి ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి కుడి క్లిక్‌తో ఒక టెక్స్ట్ ఫైల్ పెట్టి, దాన్ని తీసేసి చూడండి. ఈ ఒక్క పరీక్ష గంట వాదన తప్పిస్తుంది. ఫైల్ పెట్టనివ్వకపోతే పర్మిషన్ల సంగతి, పెట్టనిస్తే ట్యాలీ వైపు సంగతి. ఉత్తినే లెడ్జర్ చూడ్డానికి తెరిచినా ట్యాలీ ఆ ఫోల్డర్‌లో తన చిన్న చిన్న ఫైళ్ళు రాసుకుంటుంది కాబట్టి రీడ్ ఒక్కటే ఇస్తే చాలదు.

పర్మిషన్లు రెండు చోట్ల ఉంటాయి, షేరింగ్ ట్యాబ్‌లో ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఒకటి. రెండిట్లో ఏది తక్కువిస్తే అదే చెల్లుతుంది. అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లో మొదట ఎవ్రీవన్‌కి రీడ్ మాత్రమే వస్తుంది, దాన్ని చూడకుండా సెక్యూరిటీలో ఎన్ని టిక్కులు పెట్టినా లాభం లేదు. రెండు చోట్లా ట్యాలీయూజర్‌కి మార్పులు చేసే హక్కు ఇచ్చి, ఎవ్రీవన్‌ని షేరింగ్‌లోంచి తీసేయండి. ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చి, ఫైర్‌వాల్ ఆఫ్ చేసి, ఐదు నిమిషాల్లో డబ్బులు తీసుకుని వెళ్ళిపోయే రిపేరు ఒకటుంది. ట్యాలీ వస్తుంది, దాంతో పాటు ఏదో ఒక రోజు ఎవరి సిస్టంలోనో పడ్డ రాన్సమ్‌వేర్ కూడా అదే దారిలో డేటా దాకా వస్తుంది.

ఫైల్ పరీక్ష పాసయినా రాకపోతే

జెడ్ డ్రైవ్ అని మ్యాప్ చేసుకున్నారా? మై కంప్యూటర్‌లో జెడ్ కనిపిస్తుంది, ట్యాలీకి మాత్రం కనిపించదు. ఎందుకంటే ట్యాలీని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరుస్తున్నారు, మామూలుగా మ్యాప్ చేసిన డ్రైవ్ అడ్మిన్‌గా తెరిచిన ప్రోగ్రాంకి కనిపించదు. నేనైతే డ్రైవ్ అక్షరాల గొడవే పెట్టుకోను, ట్యాలీలో డేటా దారిని \\192.168.1.10\ట్యాలీడేటా లాగా పూర్తిగా ఇచ్చేస్తాను, ఆ చివరి పేరు మీరు షేర్‌కి పెట్టుకున్నది.

అన్ని సిస్టంలలో ట్యాలీ ఒకే రిలీజ్ (వెర్షన్) ఉందా లేదా చూడండి. ఒకరు ఉత్సాహంగా ట్యాలీప్రైమ్ 3.0కో ఆ పైదానికో మారి, అడిగినదానికల్లా ఎస్ కొట్టి డేటాని కొత్త రిలీజ్‌కి మైగ్రేట్ చేసేస్తే (మార్చేస్తే), 2.1లో ఉన్నవాళ్ళకి ఆ కంపెనీ ఇక తెరుచుకోదు. మిగతావాటినీ పైకి తేవడం తప్ప వెనక్కి దారి లేదు, పాత బ్యాకప్ ఉంటే తప్ప.

ఒక్క కంపెనీయే మొండికేస్తే ఎవరో దాన్ని పట్టుకుని కూర్చున్నారేమో చూడాలి. సర్వర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్‌లో ఎవరి పేరు మీద ఏది తెరిచి ఉందో కనిపిస్తుంది. భోజనానికి వెళ్ళినవాళ్ళ సిస్టం నిద్రపోయి కనెక్షన్ సగంలో వేలాడుతూ ఉండటం నేను ఎక్కువగా చూసింది. అక్కడే దాన్ని మూసేసే వీలుంది కానీ అవతల ఎంట్రీ మధ్యలో ఉంటే చెడుతుంది, ముందు ఆ మనిషిని అడగండి. డేటా ఫోల్డర్‌లోని టీఎస్ఎఫ్ ఫైళ్ళు డిలీట్ చేస్తే పోతుందనే సలహా వింటే కాస్త ఆగండి. అందరినీ ట్యాలీ మూసేయమని చెప్పి, సర్వర్‌ని రీస్టార్ట్ చేసి చూడండి. అప్పటికీ రాకపోతే కంపెనీ నంబరున్న ఫోల్డర్‌ని మొత్తం వేరే చోటికి కాపీ తీసి, సర్వర్ మీదే కూర్చుని ఆల్ట్, వై నొక్కి రిపేర్ పెట్టండి. నెట్‌వర్క్ మీద నుంచి రిపేర్ పెట్టకండి, సగంలో కేబుల్ కదిలితే ఉన్నదీ పోతుంది.

ఆ డేటా ఫోల్డర్‌ని వన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో పెట్టి రెండు సిస్టంలలో సింక్ చేసుకునే తెలివి కూడా కొందరు చూపిస్తారు. ఇద్దరు ఒకేసారి ఎంట్రీ వేస్తే ఎవరో ఒకరిది పోతుంది. బ్యాకప్ ఫైల్‌ని అక్కడ పెట్టుకోండి, నడిచే డేటాని కాదు.

ఇంకో ప్రమాదం ఎర్రర్ ఏమీ చూపించదు, అందుకే నాకు దీనికంటే భయం దేనికీ లేదు. ఒక కొట్లో సర్వర్ అందని రోజు, పక్క సిస్టంలో అమ్మాయి కంపెనీ లిస్టు ఖాళీగా ఉందని దారిని మళ్ళీ సీ డ్రైవ్‌కి మార్చుకుంది. అక్కడ ఎప్పుడో బ్యాకప్ నుంచి రీస్టోర్ చేసిన పాత కాపీ ఉంది, అదే పేరు, అదే నంబరు. కంపెనీ వచ్చేసింది కదా అని రెండు రోజులు బిల్లులు ఎక్కించింది. మూడో రోజు ఒకే నంబరుతో రెండు ఇన్‌వాయిస్‌లు బయటికి వెళ్ళాక గానీ ఎవరికీ తెలియలేదు, ఆ రాత్రంతా కూర్చుని ఓచర్లు ఒక్కొక్కటే సర్వర్‌లోకి మళ్ళీ ఎక్కించాం. అప్పటి నుంచి నేను ఏ ఆఫీసులో ట్యాలీ పెట్టినా, పక్క సిస్టంలలో సీ డ్రైవ్‌లో కంపెనీ కాపీలు ఏమైనా ఉంటే పెన్‌డ్రైవ్‌లోకి తీసి, అక్కడ డేటా ఫోల్డర్ పేరే మార్చేస్తున్నాను. సర్వర్ అందకపోతే లిస్టు ఖాళీగానే ఉండాలి, నాకు ఫోనే రావాలి.